వంశధార వెంట ఒక రోజు

కళింగపట్నం... ఈ పేరు విననివాళ్లు తెలుగునాట ఉండరు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే చాలు, రేడియోలో, టీవీలో, పేపర్లో ఆ ఊరి పేరు మార్మోగిపోతుంది. 'కళింగపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' అన్న మాట చిన్నప్పటి నుంచీ చెవిన పడుతూనే ఉంటుంది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను తీరం దాటింది ఆ దగ్గర్లోనే. ఇంతకీ ఆ ఊరు ఎలా ఉంటుంది? అక్కడ ఏముంది? అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువే. గాలివాన వెలిశాక ఆ పేరూ మరుగున పడిపోతుంది.

ఒక్క కళింగపట్నమే కాదు, శ్రీకాకుళం జిల్లా అంతా అంతే. తుపాన్లు, వలసలు, ఉద్దానంలో కిడ్నీ జబ్బులు... ఈ మూడింటి కోసమే పేపర్లు ఆ జిల్లా వైపు చూస్తాయి. కానీ పొద్దున్నే బయలుదేరి రాత్రి అన్నం వేళకు తిరిగొచ్చేసేంత దూరంలో అక్కడ ఒక సూర్యుడి గుడి, ఒక పాత రాజధాని, ఒక బౌద్ధుల కొండ, ఒక రేవు, ఒక తాబేలు దేవుడు ఉన్నారు. అన్నిటినీ కలుపుతూ ఒక నది ఉంది. పేరు వంశధార.

స్కాట్లండులో స్కై అనే దీవి ఉంది. అక్కడ పొద్దున్నే మినీ బస్సులు బయలుదేరతాయి. బండి నడిపే డ్రైవరే కొండల కథలు, కోటల కథలు చెబుతూ దీవి అంతా తిప్పుకొస్తాడు. దాని మీదే ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. 2017 వేసవిలో అయితే వచ్చే జనాన్ని తట్టుకోలేక అక్కడివాళ్లే మొత్తుకున్నారు. శ్రీకాకుళంలో బాధ దానికి తలకిందులు. చూపించడానికి ఊళ్లున్నాయి, చెప్పడానికి కథలున్నాయి. వచ్చేవాళ్లే లేరు!

అయినా అడపాదడపా ఒక వ్యాను బయలుదేరుతూనే ఉంటుంది. కార్తీకమాసంలో ఓ ఆదివారం అలా బయలుదేరిన బండిలో పన్నెండు మంది ఉన్నారు. విజయవాడ నుంచి వచ్చిన ఓ రిటైర్డు హెడ్మాస్టరు కుటుంబం, విశాఖ నుంచి వచ్చిన ఇద్దరు దంపతులు, వాళ్ల పిల్లలు. డ్రైవరుకు ముప్పై అయిదేళ్లుంటాయి. గైడు కూడా అతనే.

"మా జిల్లాకి అందరూ తుపానప్పుడే వస్తారు మేస్టారూ. బాగున్నప్పుడు ఎవులూ రారు. మీరు బాగున్నప్పుడు వచ్చినారు" అన్నాడు బండి స్టార్టు చేస్తూ.

పాదాలు తాకే కిరణాలు

తొలి మజిలీ అరసవల్లి. శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది. బస్టాండు నుంచి పది నిమిషాలు చాలు. దేశంలో నిత్యపూజలు జరిగే సూర్య దేవాలయాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఇదొకటి. ఏడో శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. హర్షవల్లి అన్న పేరే వాడుకలో అరసవల్లి అయిందంటారు. నల్లరాతిలో మలిచిన స్వామి ఉష, ఛాయ, పద్మలతో కొలువై ఉంటాడు.

ఏటా రెండుసార్లు, మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ, ఉదయపు ఎండ గోపురం దాటి, మండపాలు దాటి నేరుగా మూలవిరాట్టు పాదాల మీద పడుతుంది. ఆ కొన్ని నిమిషాల కోసం జనం తెల్లవారకముందే బారులు తీరతారు. మబ్బు పట్టిందా... అంతే సంగతులు, నిరాశగా తిరిగెళ్లాల్సిందే. రథసప్తమి నాడైతే ఊరు ఊరంతా క్యూలోనే ఉంటుంది. మిగతా రోజుల్లో దర్శనం తేలిక. ఆదివారం మాత్రం కాస్త రద్దీ తప్పదు.

ఒకప్పుడు ఇది రాజధాని!

అరసవల్లి నుంచి బండి జాతీయ రహదారి ఎక్కుతుంది. మడపాం దగ్గర వంతెన మీంచి వంశధార మొదటిసారి కనిపిస్తుంది. ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టిన ఈ నది 250 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి శ్రీకాకుళం జిల్లాలోనే సముద్రంలో కలుస్తుంది. వాన కాలంలో గట్లు తెంచుకుంటుంది. కార్తీకంలో మాత్రం ఇసుక తిన్నెల మధ్య పాయలు పాయలుగా నింపాదిగా నడుస్తుంది.

నరసన్నపేట దాటి లోపలికి వెళితే పచ్చని పొలాల మధ్య శ్రీముఖలింగం వస్తుంది. చూడ్డానికి చిన్న పల్లెటూరే. కానీ తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఇక్కడి నుంచి పాలించిన ఆ వంశంలోనివాడే అనంతవర్మ చోడగంగ. పూరీలో ఇప్పుడున్న జగన్నాథాలయానికి శ్రీకారం చుట్టిన రాజు ఆయనే. పన్నెండో శతాబ్దంలో రాజధాని కటకానికి తరలిపోయింది. రాజులు పోయారు, కోటలు పోయాయి. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు మాత్రం మిగిలారు.

మధుకేశ్వరాలయం గోడల మీద శిల్పాలు చూడాలంటే గంట చాలదు. లతలు, మిథునాలు, దేవతలు... గుమ్మాల చుట్టూ చెక్కిన నగిషీ చూస్తే రాయా, చెక్కా అని అనుమానం వస్తుంది. మధుకం అంటే ఇప్ప చెట్టు. సవరల దొర ఇంటి దగ్గరి ఇప్ప చెట్టు మొదట్లో శివుడు ముఖంతో కనిపించాడని, అందుకే ముఖలింగమనీ స్థలపురాణం. గర్భగుడిలో లింగం వెనక ఓ పెద్ద మట్టి గోలెం ఉంటుంది. గుమ్మం కంటే గోలెమే పెద్దది!

"మరి లోపలికెలా వెళ్లింది అంకుల్?" అని అడిగాడు పదేళ్ల కుర్రాడు.

"కుమ్మరాయన మొక్కుకుని తెచ్చినాడట బాబూ. గుమ్మంలో పట్టలేదు. శివుడే తీస్కెళ్లి లోపల పెట్టుకున్నాడట. నాను సూడలేదు, మా అమ్మ సెప్పింది" అన్నాడు డ్రైవరు. బండిలో అందరూ నవ్వేశారు.

ఇక్కడ ఇంకో పెద్దమనిషిని కూడా తలుచుకోవాలి. ముఖలింగానికి దగ్గర్లోనే వంశధార ఒడ్డున పర్వతాలపేట ఉంది. 1863 ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి పుట్టింది అక్కడే. ఇవాళ మనం పేపర్లో చదువుతున్న తెలుగు, పిల్లల పాఠాల్లో ఉన్న తెలుగు మామూలు మనిషి మాట్లాడే భాషకు దగ్గరగా ఉందంటే ఆయన చలవే. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాశాడు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాల లిపిని ఎవరూ నేర్పకుండానే చదవడం నేర్చుకున్నాడు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. గోడ మీది అక్షరాలను ఎవరూ పట్టించుకోని రోజుల్లో ఒక స్కూలు మాస్టారు వాటి ముందు నిలబడ్డాడన్నమాట. విజయవాడ హెడ్మాస్టరు గారు ఆ గోడ దగ్గర చాలాసేపు నిలబడిపోయారు. ఆయన్ని పిలవడానికి మనవరాలు రెండుసార్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

మధ్యాహ్నం భోజనం నరసన్నపేటలో. ముద్దపప్పు, వంకాయ కూర, చారు, పెరుగు. కార్తీకం కాబట్టి పెద్దవాళ్లకు అదే పరమాన్నం. పిల్లలకు మాత్రం చేపల వేపుడు మీద మనసు. "కళింగపట్నంలో సూద్దాం లెండి" అని డ్రైవరు సర్దిచెప్పాడు.

కొండ మీద ఇటుకల చక్రం

మడపాం వంతెన మళ్లీ దాటి, హైవే వదిలి సముద్రం వైపు తిరిగితే గార మండలంలో శాలిహుండం వస్తుంది. శాలి అంటే వరి. చుట్టూ కనుచూపు మేర ఉన్నవి ఆ పొలాలే. వాటి మధ్య వంశధార కుడి గట్టున ఓ చిన్న కొండ. మెట్ల దారి వెంట నడుస్తుంటే ఒక్కొక్కటిగా ఇటుక కట్టడాలు కనిపిస్తాయి. గుండ్రటి స్తూపాలు, చైత్యాలు, బౌద్ధ భిక్షువులు ఉన్న విహారాల పునాదులు. ఓ స్తూపం లోపలి కట్టడం బండిచక్రం ఆకుల్లా ఉంటుంది.

ఈ చోటును 1919లో వెలుగులోకి తెచ్చింది ఎవరనుకున్నారు? మళ్లీ ఆ గిడుగు మాస్టారే! వాడుక భాష కోసం 'తెలుగు' అనే పత్రిక పెట్టింది కూడా ఆ ఏడాదే. ఆ తర్వాత పురావస్తు శాఖ తవ్వకాల్లో స్తూపాలు, ధాతు పేటికలు, శాసనాలున్న కుండ పెంకులు, తార, మారీచి వంటి దేవతల విగ్రహాలు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నుంచి వెయ్యేళ్లకు పైగా ఇక్కడ బౌద్ధం నిలిచిందని పండితుల అంచనా. హీనయానం, మహాయానం, వజ్రయానం... మూడింటి ఆనవాళ్లూ ఒకే కొండ మీద దొరికాయి. దొరికిన విగ్రహాలను అక్కడి మ్యూజియంలో చూడొచ్చు.

పైకెక్కితే అసలు బహుమతి దొరుకుతుంది. ఒకవైపు వెండి తీగలా మెలికలు తిరిగే వంశధార, ఇంకోవైపు వరి పొలాలు, దూరంగా సముద్రపు నీలిగీత. భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. నది మీద వచ్చే పడవలు, సముద్రం మీద పోయే ఓడలు... అన్నీ అక్కడి నుంచే కనిపిస్తాయి. బిడారుల్లో తిరిగే వర్తకులు, ఓడ దిగిన యాత్రికులు, బిక్ష పెట్టే పల్లెలు అన్నీ అందుబాటులో ఉన్న చోటు అది.

అంత గొప్ప కొండ మీద ఆ ఆదివారం మధ్యాహ్నం ఈ పన్నెండు మంది తప్ప ఇంకెవరూ లేరు. తాగడానికి నీళ్లు కొనుక్కుందామన్నా కొట్టు కనిపించలేదు. "బండిలో డబ్బా పెట్టినాను. తెలిసినోడిని కదా" అని నవ్వాడు డ్రైవరు.

ఓడలు పోయాయి... దీపం ఉంది

శాలిహుండం నుంచి ఆరేడు కిలోమీటర్లు వెళితే చాలు, రోజంతా వెంట వచ్చిన నది సముద్రంలో కలిసిపోతుంది. అదే కళింగపట్నం. సరుగుడు తోటలు, విశాలమైన ఇసుక, లైట్‌హౌస్, ఒడ్డుకు లాగిన బోట్లు, ఆరబెట్టిన వలలు. ఊళ్లో మదీనా దర్గా. హిందువులూ, ముస్లిములూ ఇద్దరూ వెళ్లి మొక్కుకుంటారు.

ఒకప్పుడు ఈ తీరం నుంచి ఓడలు తూర్పు దీవులకు వెళ్లేవి. పాతకాలం మలయా భాషలో మనవాళ్లను 'కెలింగ్' అనేవారు. ఆ మాట కళింగ నుంచి పుట్టిందే. ఇంగ్లిషువాళ్ల కాలంలోనూ ఇది రేవుపట్నమే. ఉత్తరాంధ్ర తీరం నుంచి వేలాది మంది ఓడలెక్కి బర్మాకు వెళ్లారు. ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో కూలి చేశారు. రంగూన్‌ను ఈ ప్రాంతంలో 'రంగం' అంటారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక వాళ్లలో ఎంతోమంది అడవుల మీదుగా కాలినడకన తిరిగొచ్చారు. అందరూ ఇల్లు చేరలేదు. ఇప్పుడు కళింగపట్నానికి సరుకు ఓడలు రావు. రేవు మూతపడింది. దీపం మాత్రం రాత్రుళ్లు వెలుగుతూనే ఉంది, దూరంగా పోయేవాళ్ల కోసం.

"మా తాత రంగం ఎల్లొచ్చినోడు. మా నాన్న ఏటా ఆగస్టులో వీరావళి ఎల్లిపోయీవోడు, ఎండాకాలం దాకా ఇంటికొచ్చీవోడు కాదు. నాను చెన్నైలో ఆరేళ్లు బిల్డింగులు కట్టినాను" అన్నాడు డ్రైవరు, ఇసుకలో కూర్చుని. వీరావళి అంటే గుజరాత్‌లోని వెరావల్ రేవు. ఇంటి ముందు ఇంత సముద్రం పెట్టుకుని మత్స్యకారులు అంత దూరం ఎందుకు వెళతారన్నది పట్నంవాళ్లకు అర్థం కాని ప్రశ్న. పెద్ద బోట్లు నిలపడానికి ఇక్కడ జెట్టీలు లేకపోవడమే దానికి జవాబు. చిన్న బోట్లలో దగ్గర్లో దొరికే చేపతో ఇల్లు గడవదు. అక్కడైతే నెల జీతం.

ఆ జీతం కోసం వెళ్లే 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్థాన్ జలాల్లోకి వెళ్లారంటూ అక్కడి అధికారులకు చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇంటికొచ్చారు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకు ఆధారం ఈ సంఘటనే. తండేల్ అంటే బోటు నడిపే పెద్ద. సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు లక్షల్లో ఉంటారు. ఆ తీరాన్ని చూడ్డానికి వచ్చినవాళ్లు ఎందరు?

జిల్లాలో ఇంకాస్త ఉత్తరాన మూలపేట దగ్గర 2023 ఏప్రిల్‌లో కొత్త పోర్టుకు శంకుస్థాపన జరిగింది. ఓడలు మళ్లీ వస్తాయని కుర్రాళ్ల ఆశ. కానీ అందరూ పోర్టులో పని చేయలేరు కదా. కొందరు బండి నడుపుతారు, కొందరు చేపలు వేయిస్తారు, కొందరు గదులు అద్దెకిస్తారు. దానికి చూడవచ్చేవాళ్లు కావాలి.

అన్నట్టు, ఆ సాయంత్రం పిల్లలకు చేపల వేపుడు దొరికింది. ఒడ్డున బండి పెట్టుకున్న ఓ పెద్దావిడ అప్పటికప్పుడు వేయించి పెట్టింది. "కారం ఎక్కువైతే సెప్పండమ్మా, మావోళ్లకి అలవాటు" అంటూనే ఉంది. పిల్లలు కళ్లు తుడుచుకుంటూ ఇంకో ప్లేటు అడిగారు.

పడమటి వైపు చూసే దేవుడు

చివరి మజిలీ శ్రీకూర్మం. విష్ణుమూర్తి కూర్మావతారానికి ఇంత పేరున్న గుడి మరొకటి లేదు. మామూలుగా దేవుళ్లు తూర్పు చూస్తారు. ఇక్కడ స్వామిది పడమటి ముఖం. అందుకే ముందొకటి వెనకొకటి... రెండు ధ్వజస్తంభాలు. స్తంభాల మీద తెలుగు, సంస్కృతం, ఒడియా శాసనాలు బోలెడు. మధ్వ సంప్రదాయానికి చెందిన నరహరి తీర్థులు వేయించిన 1281 నాటి శాసనం కూడా ఇక్కడిదే. పితృకార్యాలకు కాశీ వెళ్లలేనివాళ్లు ఇక్కడికొస్తారు.

ప్రదక్షిణ చేసే మండపం గోడలకు రంగుల బొమ్మలున్నాయి. కృష్ణలీలలు, దశావతారాలు... ఒకప్పుడు ఎంత నిండుగా ఉండేవో! తేమకు కొన్ని ఉబ్బాయి, చేతులు తగిలి కొన్ని చెరిగాయి. కొన్నిచోట్ల కళ్లు మాత్రం మిగిలాయి, ముఖం లేదు. వ్యాను చేరేసరికి పొద్దు వాలింది. "బొమ్మలు పగటేల సూడాల. ఈపాలి వస్తే ముందు ఇక్కడికే తీసుకొస్తాను" అని నొచ్చుకున్నాడు డ్రైవరు.

గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. వీపు మీద పసుపు గీతలు నక్షత్రాల్లా ఉంటాయి. వన్యప్రాణి చట్టం రక్షణ ఉన్న జీవులివి. వీటిని పట్టుకున్నా, అమ్మినా, ఇంట్లో పెంచుకున్నా నేరం. గుళ్లో వీటికి దండం పెడతారు. గుడికి కొద్ది దూరంలోనే సముద్రపు తాబేళ్ల కథ కూడా నడుస్తుంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరం ఇసుకలో గుడ్లు పెట్టి వెళతాయి. పిల్లలు బయటికొచ్చి సముద్రంలోకి దిగి, వేల కిలోమీటర్లు తిరుగుతాయి. పెద్దయ్యాక తాము పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడ్డున గుడ్లను కుక్కలూ నక్కలూ తినేయకుండా వాటిని సేకరించి కాపాడే పని ఏటా జరుగుతోంది. అయినా వలలకు చిక్కి ఊపిరాడక చచ్చినవి ఒడ్డుకు కొట్టుకొస్తూనే ఉంటాయి.

"తాబేలికి తెలుస్తాది మేస్టారూ, ఏ ఊరో. మనిషికి తెలిసినా రాలేడు" అన్నాడు డ్రైవరు.

"నువ్వు వచ్చావుగా బాబూ" అన్నారు హెడ్మాస్టరు గారు.

"వచ్చినాను. అప్పు సేసి బండి కొన్నాను. కార్తీకంలో, రథసప్తమికి పరవాలేదు. పెళ్లిళ్లుంటే గడిచిపోతాది. మిగతా రోజులే... మావోడు ఏడు సదువుతున్నాడు. ఆడు సెన్నై బండి ఎక్కకుండా ఉంటే సాలు."

రాత్రి ఏడున్నరకు వ్యాను శ్రీకాకుళం చేరింది. దిగేటప్పుడు హెడ్మాస్టరు గారు అతని ఫోను నంబరు రాసుకున్నారు. వేసవి సెలవుల్లో తమ్ముడి కుటుంబాన్ని పంపిస్తానన్నారు. ఇన్ని సంగతులు ఎక్కడా బోర్డు మీద రాసి లేవే అని ఆశ్చర్యపోయారు. డ్రైవరు డబ్బులు జేబులో పెట్టుకుంటూ అన్నాడు:

"వచ్చినోళ్లకి నాను సెప్పగలను మేస్టారూ. రానోళ్లకి మీరే సెప్పాల."

ఇలా వెళ్లాలి...

రైల్లో వచ్చేవాళ్లు హౌరా-చెన్నై మార్గంలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగాలి. అది ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి పట్టణానికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. విశాఖపట్నం నుంచి ఆర్టీసీ బస్సులో రెండున్నర గంటల ప్రయాణం. శ్రీకాకుళంలో హోటళ్లు ఉన్నాయి, రాత్రి బస అక్కడే మంచిది. అరసవల్లి, ముఖలింగం, శాలిహుండం, కళింగపట్నం, శ్రీకూర్మం చుట్టి రావడానికి దాదాపు 150 కిలోమీటర్లు. బస్సుల్లో అన్నీ ఒక్కరోజులో కుదరవు, బండి మాట్లాడుకోవడమే మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే బయలుదేరాలి. శాలిహుండం కొండకు మంచినీళ్లు, టోపీ తీసుకెళ్లండి. కళింగపట్నంలో నది కలిసే చోట లోతు, సుడులు ఎక్కువ. అక్కడ స్నానాలకు దిగొద్దు. శ్రీకూర్మం బొమ్మలు చూడాలంటే పొద్దు ఉండగానే చేరుకోండి.